పాత పార్కర్ 51, కొత్త పార్కర్ 51: పేరు ఒకటే, పెన్ను ఒకటేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా రాసిన పార్కర్ 51 ఫౌంటెన్ పెన్ను ఇటీవల నా చేతికి వచ్చింది. నల్లని బ్యారెల్, ఉక్కు మూత. బ్యారెల్ విప్పితే లోపల రేకు తొడుగు, దాని కింద నొక్కి సిరా నింపుకునే సంచి ఉన్న రకం. ఎన్నో ఏళ్లు పక్కన పడి ఉండడంతో సిరా లోపలే ఎండిపోయింది. పాళీ వరకు మునిగేలా గ్లాసు నీటిలో రాత్రంతా నిలబెట్టి ఉంచితే, తెల్లవారేసరికి మొన నుంచి సన్నటి నీలి దారం ఒకటి కిందికి దిగుతూ, గ్లాసు అడుగున పలచని మబ్బులా పరుచుకుంది. నీరు మార్చిన ప్రతిసారీ అంతే. మూడు రోజులైనా ఆ దారం తెగలేదు. మూత కూడా వదులైంది, పెన్నును తలకిందులు చేస్తే జారిపోతోంది.

దీన్ని బాగుచేయించుకోవాలా, లేక 2021లో అదే పేరుతో మళ్లీ విడుదలైన పెన్నును కొనుక్కోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. నేను రోజూ నాలుగైదు పేజీలు చేత్తో రాస్తాను. ఆలోచించుకోవడానికి మధ్యమధ్య ఆగుతుంటాను. రూపంలో రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తున్నాయి. లోపల నిజంగా మారినదేమిటో, ఆ మార్పు రాసేవాడికి ఎంతవరకు తెలుస్తుందో అనుభవజ్ఞులు వివరించగలరు.

మొదటి సమాధానం

మీ గ్లాసులో మూడు రోజులు తెగని ఆ నీలి దారంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మామూలు పెన్నులో అంత సిరా దాగి ఉండేందుకు చోటుండదు. పాత 51లో పాళీ వెనుక, దాన్ని కప్పే ఆ నున్నటి తొడుగు, అంటే హుడ్ లోపల, కలెక్టరు అనే భాగం ఉంటుంది. అది దువ్వెన పళ్లలాంటి పలచని రెక్కలు వరుసగా పేర్చినట్లు ఉండే గొట్టం. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను ముందుకు నెట్టినప్పుడు, ఆ అదనపు సిరా కాగితం మీద చుక్కగా పడకుండా ఈ రెక్కల సందుల్లో నిలిచిపోతుంది. తరువాత రాస్తున్నకొద్దీ అదే ఖర్చవుతుంది. మీరు కడుగుతున్నది ఆ సందుల్లో ఎండిన సిరానే. ఇంకో వారం పట్టినా విసుగు చెందకండి.

ఈ అమరిక అలంకారం కోసం పుట్టినది కాదు. కంపెనీకి 51వ ఏడు అయిన 1939ని గుర్తుచేస్తూ పేరు పెట్టిన ఈ పెన్ను 1941లో మార్కెట్లోకి వచ్చింది. కాగితం మీద పడగానే ఆరిపోయే సిరాతో రాయాలన్నది అప్పటి తయారీదారుల ఆలోచన. అలాంటి సిరా కాగితం మీద త్వరగా ఆరితే, గాలి తగిలే పాళీ మీద కూడా అంతే త్వరగా ఆరుతుంది. అందుకని పాళీని గొట్టంలా చుట్టి, మొన ఒక్కటే బయటికి కనిపించేలా హుడ్ కింద దాచారు. ఆ ఘాటు సిరాకు అప్పటి పెన్నులకు వాడే సెల్యులాయిడ్ ఆగదు కనుక బ్యారెల్‌ను లూసైట్ అనే ప్లాస్టిక్కుతో చేశారు. మనం అందంగా ఉందనుకుంటున్న ఆ రూపమంతా ఒక చిక్కును విప్పే ప్రయత్నంలో వచ్చినదే.

2021 నాటి పెన్నులో ఆ రూపం ఉంది కానీ, దాన్ని పుట్టించిన యంత్రాంగం లేదు. పాళీ గొట్టం ఆకారంలో ఉండదు, చుట్టూ ఆ పెద్ద కలెక్టరు ఉండదు. సిరా ముందే నింపి ఉన్న కార్ట్రిడ్జి నుంచో, మనమే నింపుకునే కన్వర్టరు అనే చిన్న గొట్టం నుంచో వస్తుంది. అది మంచి పెన్నే కావచ్చు, దాని సంగతి దానిదే. మీరు ఆలోచనలో పడి పెన్ను తెరిచి పట్టుకుని కూర్చునే మనిషినని చెప్పారు కాబట్టి, సరిగ్గా ఆ అలవాటు కోసమే పుట్టిన పెన్ను ఇప్పటికే మీ చేతిలో ఉందన్నది నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కొత్తదాని పక్షాన కూడా కొంత చెప్పవలసి ఉంది.

మీ మూత జారిపోవడం పాత 51లకు వయసుతో వచ్చే అలసట. పాత మూతకు మరలు ఉండవు. లోపలి స్ప్రింగు వేళ్లు బ్యారెల్ మీది లోహపు ఉంగరాన్ని పట్టుకుంటాయి. ఒక్క లాగుతో తెరుచుకోవడం దాని గొప్పతనం. కొన్ని వేలసార్లు లాగిన తరువాత ఆ వేళ్లు బిగి కోల్పోవడం సహజమే. కొత్తదానికి మరలు తిప్పి బిగించే మూత పెట్టారు. వెంటవెంటనే తెరిచి రాసుకునేవారికి అది కాస్త ఆలస్యం, కానీ మరలు వేళ్లలా సడలవు. కన్వర్టరును ఊడదీసి నీళ్లతో కడిగితే శుభ్రపరచడం కూడా ముగిసినట్లే.

కొత్తదానిలో చవక రకానికి ఉక్కు పాళీ పెట్టారని చిన్నచూపు చూసేవారున్నారు. 1950లో వచ్చిన పాత 51 స్పెషల్‌కు కూడా ఆక్టేనియం అనే, బంగారం లేని మిశ్రమలోహంతో చేసిన పాళీయే ఉండేది. పైగా పాత 14 క్యారెట్ల బంగారు పాళీ సైతం వంగి సాగే రకం కాదు, మేకులా గట్టిది. బంగారం అనగానే మెత్తదనాన్ని ఊహించుకుని పాత 51 కొనేవారు నిరాశపడతారు.

ఒక్క హెచ్చరిక. హుడ్‌ను షెల్లాక్ అనే లక్క జిగురుతో అతికిస్తారు. దాన్ని మెల్లగా పొడి వేడి తగిలిస్తూ మెత్తబరచాలి. నేను తొందరపడి, చల్లగా ఉండగానే శ్రావణంతో మెలిపెట్టి ఒక హుడ్‌ను చీల్చుకున్నాను. ఆ టక్కుమన్న చప్పుడు ఈనాటికీ మరిచిపోలేదు. మీ పెన్నుకు ఆ అవసరం రాకపోవచ్చు. 1948 తరువాత వచ్చిన ఈ రకంలో సంచి రబ్బరు కాదు, ఒక రకం ప్లాస్టిక్కు. దశాబ్దాల తరువాత కూడా పనిచేస్తున్నవి చాలా ఉన్నాయి. అంతకు ముందరి, వాక్యూమాటిక్ అనే పద్ధతిలో సిరా నింపుకునే రకమైతే లోపలి రబ్బరు పొరను తప్పక మార్చాల్సి వచ్చేది.

మూడవ సమాధానం

పాతదాన్ని, దాని వారసుణ్ణి పోల్చేటప్పుడు పేరును పక్కన పెట్టి చూడడం మంచిదని పెలికాన్ కంపెనీ పెన్నులు నాకు నేర్పాయి. 1950లో వచ్చిన 400, 1982లో దాని వారసుడిగా వచ్చిన ఎం400 నా దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. పేరులో అక్షరం చేరింది, రూపం కూడా కొంత మారింది. కానీ తోక తిప్పితే పిస్టన్ కదిలి సిరా పీల్చుకోవడం, పాళీని దానికి సిరా అందించే నాలుకతో సహా మరలాగా తిప్పి ఊడదీసి మార్చుకోగలగడం రెండింటిలోనూ ఉన్నాయి. తేడా చేతికి తెలిసేది పాళీ దగ్గరే: పాతది కాస్త ఒత్తితే రెండు చీలికలుగా విచ్చుకుని గీతను వెడల్పు చేస్తుంది, కొత్తది గుండ్రని మొనతో ఏ ఒత్తిడికైనా ఒకే మందాన రాస్తుంది. అక్కడ పేరు మారినా పెన్ను కొనసాగింది. 51 విషయంలో పేరు చెక్కుచెదరకుండా ఉండి, పెన్ను వేరైంది.

పార్కర్ 75ది మరో దారి. 1963లో వచ్చిన ఆ పెన్నులో పాళీని కావలసిన కోణానికి తిప్పుకుని, పక్కనున్న గీతల ఉంగరంతో ఆ కోణాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. 1990లలో దాని చోటు తీసుకున్న సానెట్‌లో ఆ వీలు లేదు. తమ చేతివాటానికి అమర్చుకున్న పాళీకి అలవాటుపడినవారికి ఆ లోటు మొదటి పేజీలోనే తెలుస్తుంది.

మీరు రెంటిలో ఏది ఎంచుకున్నా, ముందు భూతద్దంతో మీ పాళీ మొనను చూడండి. దాన్ని బట్టి అది మీ చేతికి ఒదుగుతుందో లేదో తెలుస్తుంది.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఎనిమిదో రోజుకు నీరు తేటగా నిలిచింది. చెప్పినట్లే భూతద్దం కింద చూశాను. మొనలోని గట్టి లోహపు గుండు ఒక పక్క కొద్దిగా అరిగి, చిన్న అద్దపు ముక్కలా చదునుగా మెరుస్తోంది. నాన్నగారు పెన్నును ఎడమకు వాల్చి పట్టుకునేవారు. ఆ వాలు అక్కడే ఉంది. నేను నిటారుగా పట్టుకుంటాను కాబట్టి మొదటి రెండు పేజీలు కాగితాన్ని గీకినట్లే రాసింది. కొంచెం ఎడమకు వాల్చి చూశాను. గీత తడిగా, చప్పుడు లేకుండా సాగింది. మధ్యలో పెన్ను తెరిచే ఉంచి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టినా తొలి అక్షరం తొలి గీతలోనే పడింది.

మూత బిగి కోసం పెన్నుల మరమ్మతు తెలిసినవారికి ఇస్తున్నాను. పాళీ మొనను మాత్రం సానపట్టవద్దని చెప్పాను.