పికప్‌లో డీజిల్ ముల్లు నిలకడగా లేదు, ముందు బ్రేకు కీచుమంటోంది: ఏది ముందు విప్పాలి?

పలమనేరు టమాటా బండి
అన్నలకు నమస్తే. డీజిల్ పికప్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ట్యాంకు నింపితే ముల్లు ఫుల్‌కి పోతాది. సగానికి దిగినాక ఊగులాట, ఉన్నట్టుండి సున్నాకి పడి మళ్లీ లేస్తాది. ఇంజిన్ వేడి చూపే ముల్లు బాగానే ఉంది. లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటాది, గట్టిగా తొక్కితే పోతాది. మీటరు బోర్డు మొత్తం మార్చాలంటున్నారు, నిజమేనా?

చిత్తూరు ఆటో ఎలక్ట్రీషియన్
బోర్డు జోలికి అప్పుడే పోవద్దు. వేడి ముల్లు సరిగ్గా ఉందంటే బోర్డుకు కరెంటు, ఎర్తు అందుతున్నట్టే. అనుమానం ట్యాంకులోని ఫ్లోట్ యూనిట్ మీద, అంటే డీజిల్ మీద తేలే బుడ్డితో మట్టం చూసి మీటరుకు చెప్పే భాగం. అందులో రెసిస్టెన్స్ పట్టీ మీద చిన్న కాంటాక్టు జరుగుతుంటుంది, అరిగిన చోటికి రాగానే కనెక్షన్ తెగుతుంది. మీకు సగం దగ్గర జరిగేది అదే.

ముందు ఖర్చు లేని పని. యూనిట్ ప్లగ్గులో పచ్చటి తుప్పు ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, ఎర్త్ వైరు బిగించిన చోట గీకి మళ్లీ బిగించండి. తగ్గకపోతే డీజిల్ పావు ట్యాంకుకు దిగినాక బ్యాటరీ నెగెటివ్ తీసి, మూత చుట్టూ దుమ్ము తుడిచి యూనిట్ బయటికి తీయండి. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి ఫ్లోట్‌ను మెల్లిగా కింది నుంచి పైకి లేపండి. అంకె వరసగా మారాలి, మధ్యలో ఎగిరినా తెగినా యూనిట్ మార్చాల్సిందే. ఫ్లోట్ ఊపితే లోపల డీజిల్ చప్పుడు వచ్చినా అంతే. రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయండి. యూనిట్ వైరు తీసి బాడీకి ఆనించి ముల్లు కదులుతుందా అని చూసే పాత పద్ధతి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద మాత్రం వద్దు.

తిరుపతి బ్రేకు పని
ఒక్క పక్కే కీచు అంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులు చూడండి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా మిగిలితే పిన్ను పట్టేసినట్టే. తుప్పు తుడిచి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. ప్యాడ్ 3 మి.మీ. కన్నా తగ్గితే ముందు రెండు చక్రాలకూ కలిపి మార్చండి. ప్యాడ్ల వెనకాల చప్పుడు ఆపే పలచటి రేకులు (షిమ్ములు), క్లిప్పులు పారేసి బిగించేవాళ్లున్నారు, దగ్గరుండి చూసుకోండి. కొత్త ప్యాడ్లతో నేరుగా లోడు ఘాట్ ఎక్కించొద్దు. ఖాళీ బండి వేగాన్ని గంటకు 50 కి.మీ. నుంచి 15కి ఒక పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ నెమ్మదిగా తగ్గించండి. కీచు పోయి గరగర మొదలైతే ఇనుము ఇనుముకు తగులుతున్నట్టు, ఇక నడపొద్దు.

మదనపల్లె కమాన్ కట్టలు
తమ్ముడూ, వెనక అదనంగా కమాన్ పట్టీలు (లోడు మోసే స్ప్రింగు పట్టీలు) వేయించినావా?

పలమనేరు టమాటా బండి
అవునన్నా, రెండు పట్టీలు.

మదనపల్లె కమాన్ కట్టలు
అయితే ఇరుసు దగ్గర లోడు బట్టి వెనక బ్రేకు ప్రెషర్ మార్చే వాల్వు ఉందేమో చూడు. పట్టీలు ఎక్కువైతే లోడు వేసినా వెనక అంతగా దిగదు. ఆ వాల్వు బండి ఖాళీ అనుకొని వెనకకి ప్రెషర్ తగ్గిస్తాది, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడి మాడతాయి. దాని రాడ్డును బండి మాన్యువల్ పుస్తకంలోని కొలతకు సెట్ చేయించు, వెనక డ్రమ్ముల్లో బ్రేకు లైనర్ల గ్యాప్ కూడా చూపించు. మొగిలి ఘాట్ రెండో గేరులో దిగు.