రహీం మరణంతోనే భారత ఫుట్‌బాల్ కుప్పకూలిందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ స్వర్ణం గెలిచింది రెండేసార్లు, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశాక ఆ పతకం మళ్లీ మన దరి చేరలేదు. ఆ ఒక్క మరణమే మన పతనానికి మూలమని నేను నమ్ముతున్నాను. కాదనేవారు తమ కారణాలు రాయగలరు.

రెండవ సభ్యుడు:

ఆయనపై గౌరవం ఉంది గానీ, ఆ కాలాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా పొగుడుతున్నామని నా అభిప్రాయం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమంటాం. తొలి రౌండులో హంగరీ రాకపోవడంతో ఆడకుండానే ముందుకు వెళ్లాం, ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచాం, ఆపై యుగోస్లావియా చేతిలో 4-1తోనూ, బల్గేరియా చేతిలో 3-0తోనూ ఓడాం. అంటే గెలిచింది ఒక్క మ్యాచే. 1952లో హెల్సింకీలో అదే యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయినప్పుడు కూడా శిక్షకుడు ఆయనే కదా.

మూడవ సభ్యుడు:

పై అంకెలన్నీ నిజమే. అయితే ఆ రెండు యుగోస్లావియా మ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది మరొకటి. హెల్సింకీలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా చలిలో ఆడారు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మొదటి గోల్ కొట్టింది మనమే, నెవిల్ డిసౌజా. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచాం, ఆ పోటీల్లో కాంస్యం గెలిచిన హంగరీకి 2-1 తేడాతో మాత్రమే తలవంచాం. ఈ ఎదుగుదలను అదృష్టమని కొట్టిపారేయలేము.

రహీం వృత్తిరీత్యా బడిపంతులు, ఆయన శిక్షణలోనూ ఆ పంతులే కనిపిస్తాడు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో పోటీలు పెట్టించారు, బంతిని తన దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలనే షరతుతో మరికొన్ని నడిపించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటివారు భారత జట్టులోకి వచ్చింది ఆ హైదరాబాద్ వాతావరణం నుంచే. జకార్తాలో జర్నైల్ సింగ్ విషయం చూడండి. ఆయన రక్షణ ఆటగాడు. థాయ్‌లాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. అటువంటి మనిషిని రహీం పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోల్ కొట్టే ముందు వరుస ఆటగాడిగా దించారు. ఆయన సెమీఫైనల్లోనూ గోల్ చేశారు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లోనూ చేశారు. అదే కొరియా చేతిలో మనం తొలి మ్యాచ్‌లో 2-0తో ఓడి ఉన్నామన్నది మరువకూడదు. ఆనాటికే వ్యాధి రహీం గారి శరీరాన్ని తొలిచేస్తోంది. ఈ సంగతి తలచుకున్న ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఆ మరణంతోనే అంతా కూలిందంటే నేను ఒప్పుకోను. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచాం, పోటీలో నాలుగే జట్లు ఉన్నప్పటికీ. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచాం. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్‌వారే. రహీం నాటిన మొక్క ఆయన తరువాత ఏడేళ్లు కాపు కాసిందన్నమాట. ఎండిపోయింది ఆ తరం ఆటగాళ్లు తప్పుకున్నాకే. ఆయన హైదరాబాద్‌లో పిల్లలకు నేర్పిన పద్ధతిని ప్రతి రాష్ట్రంలో బడి స్థాయి నుంచి అమలు చేయడం, ఆయన వద్ద నేర్చుకున్నవారిని శిక్షకులుగా తయారు చేయడం ఒక వ్యక్తి చేయగల పని కాదు. అది క్రీడా సమాఖ్య చేయవలసిన పని. పదమూడేళ్లపాటు ఒకే మనిషి భుజాల మీద దేశపు ఆటనంతా మోపి, ఆయన వెళ్లిపోయాక ఆయన లేని లోటును సాకుగా చూపడం ఆయనకే అన్యాయం చేయడమని నేను గట్టిగా నమ్ముతున్నాను. చర్చ ప్రారంభించినవారు 1970 కాంస్యాన్ని తమ వాదనలో ఎక్కడ ఇముడుస్తారో చెప్పాలని కోరుతున్నాను.