మా ఆవిడ "వెళ్లి రండి" అంది, వెళ్లాను. తప్పు నాదేనా?

పాతచెప్పులు:
ఊరి పేరు చెప్పను. చెబితే అందరూ ఆ ఊరి గురించే మాట్లాడతారు. పెళ్లైన ఆరేళ్లకి ఇద్దరమే కలిసి ఒక పెద్ద నగరం చూడ్డానికి వెళ్లాం, నాలుగు రోజులకని. మొదటి రోజే సూట్‌కేస్ చక్రం ఊడింది. రెండో రోజు వానలో నా కాలు బెణికింది. ఆ రాత్రి ఒంటిగంటకు మా ఆవిడకి వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి విరేచనాలు కూడా.

మూడో రోజు పదిన్నరకి మ్యూజియం. టైమ్ స్లాట్ టికెట్లు, మార్చడానికి లేదు, డబ్బు వెనక్కి రాదు. "మీరు వెళ్లి రండి, నేను పడుకుంటాను, రెండు టికెట్లూ ఎందుకు పాడుచేయడం" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. మంచం పక్కన నీళ్ల సీసాలు పెట్టి, రెండు గంటల్లో వస్తానని వెళ్లాను. నాలుగున్నర గంటలైంది. మధ్యలో ఫోన్ చచ్చిపోయింది. వచ్చేసరికి తను బాత్రూమ్ గుమ్మం దగ్గర నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది. లేవబోతే కళ్లు తిరిగి పడిందట. కనుబొమ్మ మీద గాటు. నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. మామూలుగానే ఉంటోంది. కానీ ఎవరైనా ట్రిప్ ఎలా జరిగిందని అడిగితే "ఆయన్నడగండి, చూసింది ఆయనే" అంటోంది. వెళ్లమంటేనే కదా వెళ్లాను?

రాత్రిబస్సు:
పవర్ బ్యాంక్ లేకుండా ఎవరైనా ఊరు చూడ్డానికి వెళ్తారా బ్రదర్?

కిటికీసీటు:
ఆవిడ "వెళ్లి రండి" అన్న మాటని మీరు రసీదులా దాచుకున్నారు. రాత్రంతా వాంతులతో నిద్రలేని మనిషి టికెట్లు పాడవుతాయని ఆలోచించిందంటే, తన వల్ల ట్రిప్ చెడిపోతోందని కుమిలిపోతోందని. అది అనుమతి కాదు. మా ఆయనా ఇంతే. పదేళ్ల కిందట నాకు 102 జ్వరం, ఆయన కోట చూడ్డానికి వెళ్లారు. వెళ్లమన్నది నేనే, ఒప్పుకుంటాను. అయినా ఈరోజుకీ మర్చిపోలేదు.

లెక్కలమాస్టారు:
కిటికీసీటు గారూ, నోటితో అన్నదానికి విలువ లేకపోతే మొగుడూ పెళ్లాం సంకేతాలతో కాపురం చేయాలా? ఆయన రెండుసార్లు అడిగారు. ఎన్నిసార్లు అడిగితే సరిపోతుందో ఒక అంకె చెప్పండి. మూడా? ఏడా?

నేను మరో రకం. ఎప్పుడూ ఉండిపోయినవాణ్ని. మా ఆవిడకి ప్రయాణం పడదు, రెండో రోజుకల్లా మైగ్రేన్. రోమ్ వెళ్లినప్పుడు సెయింట్ పీటర్స్ చర్చి గోపురం ఎక్కాలని నాకు కాలేజీ రోజుల నుంచీ కోరిక. 551 మెట్లు. కింద నుంచి మెడ ఎత్తి చూసి గదికొచ్చేశాను, కర్టెన్లు వేసి చీకట్లో కూర్చున్నాను. ఆవిడేమందో తెలుసా? "మీరలా మొహం వేలాడేసుకుని కూర్చుంటే నా తలనొప్పి ఎక్కువవుతోంది." వెళ్తే రాక్షసుడు, ఉంటే మొహం బాలేదు.

నర్సమ్మ12:
పన్నెండేళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను, అందుకని ఈ ముక్క. అలా పడిపోవడం విచిత్రమేమీ కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి. ఉత్త నీళ్ల సీసాలు పెట్టి వెళ్లారు, అక్కడే తేడా కొట్టింది. వాంతులూ విరేచనాలూ అయినప్పుడు నీటితోపాటు లవణాలూ పోతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, అంచుకి సమంగా కొలిచి. గటగటా తాగకూడదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ గుక్కగుక్కగా.

ఇంకోటి, జ్వరమో మలంలో రక్తమో ఉంటే విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకండి.

పాతచెప్పులు:
థాంక్స్ అండీ. ఒక డౌట్. ముందు రోజు రాత్రి భోజనానికి హోటల్ ఎంచింది నేను. తను వేరేచోటికి వెళ్దామంది. అప్పట్నుంచి "మీరు తీసుకెళ్లిన చోటే" అంటోంది. మరి నాకేం కాలేదు కదా?

నర్సమ్మ12:
దూరం నుంచి చెప్పలేను. నోరోవైరస్ (వాంతులూ విరేచనాలూ తెచ్చే, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్) లాంటిదైతే ఒంట్లోకి చేరాక బయటపడటానికి సాధారణంగా 12 నుంచి 48 గంటలు పడుతుంది. అంటే ఆ భోజనం కంటే ముందు, ప్రయాణంలో ఏ తలుపు పిడి పట్టుకున్నప్పుడో అంటి ఉండొచ్చు. చెడిపోయిన తిండి వల్ల అయితే కొన్ని గంటల్లోనే మొదలవ్వచ్చు. నోరోవైరస్‌కి శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

పాతచెప్పులు:
అంటే ఆ హోటల్ వల్ల కాకపోవచ్చు! ఇది తనకి చూపిస్తాను.

కిటికీసీటు:
చూశారా. ఆవిడ పడిపోయింది, ఈయనకి వచ్చిన సందేహం హోటల్ ఎంపిక గురించి. మీకు కావలసింది సలహా కాదు, క్లీన్‌చిట్.

గొడుగుమర్చిపోయా:
ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారా? చాలా పాలసీల్లో డాక్టర్ చూసినట్టు కాగితం లేకపోతే వాడని టికెట్లకి ఏమీ రాదు. హెల్ప్‌లైన్‌కి కూడా వెంటనే చెప్పాలి.

పాతచెప్పులు:
డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. కింద రిసెప్షన్ వాళ్లు నంబర్ ఇచ్చారు. తనే అక్కర్లేదంది.

కిటికీసీటు:
తలకి దెబ్బ తగిలిన మనిషిని డాక్టర్‌కి చూపించలేదా?? "తనే అక్కర్లేదంది." ఆవిడ ఏదన్నా అక్కర్లేదంటే మీకు ఎంత హాయో!

లెక్కలమాస్టారు:
తలకి కాదు, కనుబొమ్మకి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

కిటికీసీటు:
మాస్టారూ, మీ దగ్గర కనుబొమ్మ తల మీద కాక ఇంకెక్కడుంటుంది?

రాత్రిబస్సు:
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 37 వాట్ అవర్లే. విమానంలో 100 వరకు చేతి సంచిలో పర్వాలేదు. మ్యాప్, కెమెరా రెండూ వాడితే చాలా ఫోన్లు సాయంత్రం దాకా ఆగవు. ఫోన్ పనిచేసి ఉంటే మొదటి కాల్‌కే వచ్చేవాడు, ఈ గొడవే లేదు.

లెక్కలమాస్టారు:
కిటికీసీటు గారూ, మీ ఆయన మీద కోపం పాతచెప్పులు గారి మీద తీర్చుకోకండి. పదేళ్ల నాటి జ్వరం ఇంకా దిగలేదా మీకు?

కిటికీసీటు:
మీకు దిగిందా ఆ 551 మెట్ల బాధ? భార్య పక్కన ఉండటాన్ని త్యాగంలా లెక్కరాసి పెట్టుకున్న మనిషి, నాకు నీతులు చెబుతున్నాడు. మీ ఆవిడకి తలనొప్పి ఎందుకు ఎక్కువయిందో నాకు బాగా అర్థమైంది.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇళ్లలో వాళ్లని లాగొద్దు. ఇంకోసారి ఇలా అయితే చర్చ మూసేస్తాను.

నర్సమ్మ12:
పాతచెప్పులు గారూ, మీరొకటి దాటేస్తున్నారు. రెండు గంటలన్నది నాలుగున్నర ఎందుకైంది? ఫోన్ చచ్చిపోతే గోడ మీద గడియారం కూడా చచ్చిపోదు కదా. కాలు బెణికి ఆలస్యమైందా?

పాతచెప్పులు:
నిన్న మీరడిగినప్పటి నుంచీ రాయాలా వద్దా అని చూస్తున్నాను.

కాలు కారణం కాదు. టైమ్ నాకు తెలుసు. మ్యూజియంలో రెండో అంతస్తులో ఒక చిన్న గది ఉంది, జనం లేరు. పేద్ద బొమ్మేమీ కాదు, ఓ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి కాగితం చదువుకుంటున్న బొమ్మ. ఎదురుగా బెంచీ. కాలు లాగుతోందని కూర్చున్నాను. కూర్చుండిపోయాను.

అంతకుముందు రెండు రోజులూ నేను ముందు, తను నాలుగడుగుల వెనక. రోజుకి తొమ్మిది చోట్లని జాబితా రాసింది నేనే. తను ఎక్కడైనా ఆగితే నాకు చిరాకు, నేను తొందరపెడితే తనకి చిరాకు. ఆ బెంచీ మీద నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, నేనెవర్నీ తొందరపెట్టలేదు. నిజం చెప్పాలంటే ట్రిప్ మొత్తంలో నేను హాయిగా ఉన్నది ఆ మధ్యాహ్నమే. ఫోన్ ఆగిపోయినప్పుడు టెన్షన్ పడాల్సింది పోయి, కాసేపు బాగుందనిపించింది.

గది తలుపు తీస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నానట. నాకు గుర్తులేదు. నేల మీద కూర్చుని తను విన్నది.

గొడుగుమర్చిపోయా:
అబ్బా.

కిటికీసీటు:
ఇది మొదటే రాసి ఉంటే నేను అంత మాట అనేదాన్ని కాదు. లేదా ఇంకా ఎక్కువ అనేదాన్నేమో, తెలీదు.

మా ఆయన కోటకి వెళ్లినందుకు నాకు కోపం రాలేదు. సాయంత్రం వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుని ఫొటోలు చూపించారు. ఒక్కొక్కటీ పెద్దది చేసి. అరవై ఏడు. ఆ వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది, ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. నేను లేకుండా ఇంత బాగుంటారా అనిపించింది. ఆ మాట ఆయనతో ఇప్పటికీ అనలేదు.

మీరు మాత్రం మీ ఆవిడకి ఈ బెంచీ సంగతి చెప్పండి. ఆవిడకి సగం తెలుసు. కూనిరాగం వింది కదా. మిగతా సగం ఊహించుకుంటోంది, ఊహలో అది ఇంకా పెద్దదవుతుంది.

లెక్కలమాస్టారు:
చెప్పొద్దు. దండం పెడతాను, చెప్పొద్దు. "నువ్వు లేనప్పుడే బాగుంది" అన్న మాట ఒకసారి బయటికొస్తే ఏ సందర్భంలో అన్నారో ఎవరికీ గుర్తుండదు, ఆ మాటే మిగిలిపోతుంది. ఆలస్యమైంది, తప్పు నాది అనండి, చాలు. నేను చీకటి గదిలో కూర్చుని అనుకున్నవన్నీ మా ఆవిడతో అని ఉంటే ఈపాటికి మేం కలిసి ఉండేవాళ్లం కాదు.

కిటికీసీటు:
మీరు అనకపోయినా ఆవిడ మీ మొహంలో చదివేసింది. మీరే రాశారు కదా.

లెక్కలమాస్టారు:
చదవడం వేరు, చెవులతో వినడం వేరు.

కిటికీసీటు:
మొన్నటిదాకా నోటితో అన్నదానికే విలువ అన్నది మీరే!

లెక్కలమాస్టారు:
అన్నాను. కాదనట్లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం కాదు.

రాత్రిబస్సు:
ఫోన్ ఆగిపోయినప్పుడు బాగుందనిపించింది అంటే పవర్ బ్యాంక్ ఉన్నా పెట్టేవాడు కాదన్నమాట. సరే, నా పాయింట్ వెనక్కి తీసుకుంటున్నా.

నర్సమ్మ12:
ఇన్ని మాటలయ్యాయి, ఎవరం అడగలేదు. ఆవిడ కనుబొమ్మ గాటు మానిందా?

పాతచెప్పులు:
మానింది. చిన్న మచ్చ మిగిలింది, అక్కడ వెంట్రుకలు రాలేదు. అద్దం ముందు పెన్సిల్‌తో దిద్దుకుంటుంది. నేను చూస్తే ఆపేస్తుంది.