బలగం సినిమా మళ్లీ చూశాను: ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంతకీ లక్ష్మికి ఏం దక్కింది?

రెండో_ఆట (హన్మకొండ)

ఈ ఆదివారం శివరపల్లి సిరీస్‌లో మిగిలిన ఎపిసోడ్లు పూర్తి చేశాను. సెక్రటరీగా రాగ్ మయూర్ విసుగు మొహం నాకు బాగా నచ్చింది. కానీ హిందీ పంచాయత్ చూసినవాళ్లకు ప్రతి సీనూ ముందే తెలిసిపోతుంది, నవ్వు సగానికి పడిపోతుంది. నన్ను ఆపింది వేరే విషయం. సర్పంచ్‌గా రూపాలక్ష్మి, ఆమె భర్తగా మురళీధర్ గౌడ్. బలగంలో లక్ష్మి, నారాయణ కూడా వీళ్లిద్దరే కదా. ఆ ఊపులో బలగం మళ్లీ పెట్టాను.

మర్చిపోయినవాళ్లకు కథ రెండు ముక్కల్లో. కొమురయ్య పోతాడు. పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ముసలాయన మనసులో ఏదో కొరత ఉందని ఊరంతా అంటుంది. కూతురు లక్ష్మి ఇరవై ఏళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు. విందులో అల్లుడు నారాయణకు నల్లి బొక్క (మూలుగు ఉన్న ఎముక) వేయని దగ్గర మొదలైన మాట అంత దూరం పోయింది. చివర్లో జానపద గాయకులు మొగిలయ్య, కొమురమ్మ పాట ఎత్తుకోగానే అందరూ కరిగిపోతారు. నేనూ కరిగిపోయాను, ఆ పాటకు కరగనివాళ్లు ఉంటారా.

కానీ ఏడుపు ఆగాక కోపం వచ్చింది. గొడవ పడింది ఇద్దరు మగవాళ్లు. కలిసిందీ వాళ్లే. నీకు ఏం కావాలి అని లక్ష్మిని ఎవరూ అడగరు. మొగుడు లే అంటే లేచింది, ఇరవై ఏళ్ల తర్వాత పద అంటే వచ్చింది. ఆమె చేత సినిమా చేయించిన పని ఏడవడం ఒక్కటే. ఇంత గొప్పగా ఏడ్చే నటి దొరికింది కదా, ఒక్క మాట అడిగించకూడదా? దీన్ని అందరూ అన్నాచెల్లెళ్ల సినిమా అంటున్నారు. నాకైతే బావా బామ్మర్దుల సినిమాలా కనిపించింది. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్

ఈ సినిమాలో పాట రాసినందుకే మన హన్మకొండ కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. అది చెప్పకుండా పోస్ట్ ఎలా మొదలుపెట్టారు?

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

అన్నా, మా దిక్కు సినిమా కాబట్టి మాట్లాడుతున్నా. డైరెక్టర్ వేణు యెల్దండి మా సిరిసిల్ల మనిషి. ఆయన చూసిన చావులే ఆ సినిమాలో ఉన్నాయి, హైదరాబాద్‌లో కూర్చుని ఊహించి రాసినవి కావు.

మీరు నల్లి బొక్కను చిన్న విషయంలా రాశారు. అది చిన్నది కాదు. మా ఊళ్లలో యాట కోస్తే ఎవరికి ఏ ముక్క పడుతుందో నలుగురూ చూస్తారు. అల్లుడి విస్తర్లో నల్లి పడిందా, మూలుగు ఉందా, అడగకముందే వేశారా, అడిగాక వేశారా అన్నీ లెక్కే. అడిగినా వేయలేదంటే ఆ ఇంట్లో నీకు విలువ లేదని మొహం మీద చెప్పినట్టే. నారాయణ లేచి వెళ్లింది కూర కోసం కాదు. ఆయన స్థానంలో నేనున్నా లేచేవాణ్ని.

లక్ష్మి విషయానికి వస్తే, ఆమె ఏడుపే ఆ సినిమా అడిగిన ప్రశ్న. మగవాళ్ల పట్టింపు ఎంత పిచ్చిదో ఆమె కళ్లలో చూపించాడు. ఇంకా మైకు పట్టుకుని ఉపన్యాసం ఇవ్వాలా?

రెండో_ఆట (హన్మకొండ)

ఉపన్యాసం అడగలేదు. ఒక్క కోరిక అడిగాను. మనవడు సైలుకు కోరిక ఉంది, అప్పు తీరాలి. నారాయణకు ఉంది, మర్యాద కావాలి. చచ్చిపోయిన కొమురయ్యకు కూడా ఉంది, పిట్ట ముట్టకుండా ఆపేంత కోరిక. లక్ష్మికి ఏముంది? పుట్టింటికి రావాలన్న ఆశ తప్ప.

బొగ్గుబావి (భూపాలపల్లి)

సినిమాను సినిమాలాగా చూడండి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఇది చదువుతున్నా.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

పుట్టింటికి రావాలన్న ఆశ మీకు తక్కువగా కనిపిస్తోందా అన్నా? సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డ రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలుసా? రాఖీ పున్నానికి బస్సుల్లో నిలబడటానికి చోటుండదు, చంకలో పిల్లలతో అంత దూరం ఎందుకు వస్తారు వాళ్లు? ఆ ఆశే మొత్తం కథ. దానికి మించిన కోరిక ఏముంటుంది?

రెండో_ఆట (హన్మకొండ)

ముందుగా, నేను అన్నను కాదు. రెండోది, ఆ బస్సుల్లో నిలబడి వెళ్లినదాన్ని నేనే, కాబట్టి నాకు తెలుసు.

కాజీపేట_జంక్షన్

అయిపాయె.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

సరే అక్కా. అక్క అయినా అన్న అయినా నా మాట అదే. ఊళ్లలో తెర కట్టి ఈ సినిమా వేశారు, పంచాయతీ ఆఫీసు ముందు జనం చాపలు వేసుకుని చూశారు. అది చూసి ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లో వచ్చింది. ఇంకో సినిమా ఏదైనా ఆ పని చేసిందా? గద్దర్ అవార్డుల్లో 2023కు ఉత్తమ చిత్రం ఊరికే ఇవ్వలేదు. మీరు కోరుకున్న లక్ష్మిని పెట్టి ఉంటే సగం మంది మధ్యలోనే లేచి ఇంటికి పోయేవాళ్లు.

రెండో_ఆట (హన్మకొండ)

మీరు రాసిన మాటను మీరే ఇంకోసారి చదవండి. అన్నదమ్ములు కలిశారు. ఆడబిడ్డ నోరు తెరిస్తే సగం మంది లేచి పోయేవాళ్లు. నా పోస్ట్ సారాంశం కూడా అదే, నాకంటే బాగా రాశారు.

అందుకే శివరపల్లి గురించి ఎత్తాను. దానికి మూలమైన హిందీ పంచాయత్ 2020లో వచ్చింది. కాగితం మీద భార్య ప్రధాన్, పెత్తనం భర్తది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో జెండా పండుగ రోజు ఆ భార్య జనగణమన నేర్చుకుని అందరి ముందు పాడాల్సి వస్తుంది. తడబడుతుంది, అయినా పాడుతుంది. అది కామెడీ సిరీస్. అయినా ఈ కుర్చీ ఎవరిది, కూర్చున్నది ఎవరు అన్న ప్రశ్న కథలోనే ఉంది. గుండెలు పిండే బలగంలో ఆ ప్రశ్న లేదు, నా బాధ అదే. మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో ఎన్ని ఫ్లెక్సీల మీద గెలిచిన ఆమె ఫొటో కంటే భర్త ఫొటో పెద్దగా ఉందో మీరు చూడలేదా?

ఎనుమాముల_గేట్

మా ఊళ్లో అయితే ఆమె ఫొటోనే లేదు, పేరు మాత్రం ఉంది.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

సర్పంచ్‌ను తెచ్చి చావింట్లో ఎందుకు కూర్చోబెడుతున్నారు? బలగంలో గొడవ కుర్చీ గురించి కాదు, వాటా గురించి కాదు. లక్ష్మి వాటా కోసం పుట్టింటి మీద అలగలేదు. అందుకే ఆ పాత్ర మన గుండెకు అంత దగ్గరగా వచ్చింది. అడగని మనిషి కాబట్టే అన్న ఏడ్చాడు, ఊరు ఏడ్చింది.

రెండో_ఆట (హన్మకొండ)

వాటా మాట నేను ఇంతవరకు ఎత్తలేదు. మీరు ఎత్తారు.

నల్లకోటు (వరంగల్)

మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న వివరం. ఎన్టీఆర్ హయాంలో 1986లోనే మన ఉమ్మడి రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5కు ముందు పెళ్లయినవాళ్లకు మాత్రం అది వర్తించలేదు. 2005లో కేంద్రం సవరణ తెచ్చాక పెళ్లి అడ్డంకి పోయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. తండ్రి సొంత సంపాదన అయితే, వీలునామా లేకుండా ఆయన పోతే, 1956 నుంచే కూతురికి సమాన హక్కు. ఇక సినిమా గురించి కొట్టుకోండి.

బొగ్గుబావి (భూపాలపల్లి)

లాయర్ గారూ ఫీజు ఎంత?

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

చట్టం నాకు చెప్పకండి, నాకు బాగా తెలుసు, కోర్టు మెట్లెక్కి నేర్చుకున్నా. మా నాన్న పోయాక విరాసత్‌కు, అంటే భూమి వారసుల పేరు మీదికి మార్చడానికి, కాగితాలు పెట్టాను. అక్క సంతకం పెడుతుంది అనుకున్నా. అక్క పెళ్లికి ఉన్న ఎకరంలో సగం అమ్మి కట్నం ఇచ్చాం. మిగిలింది నేను సాగు చేశాను, నాన్నను మంచంలో పెట్టుకుని చూసింది నేనూ నా భార్య. అక్క బదులు నోటీసు వచ్చింది. మనిషి రాలేదు, పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. నాన్న సంవత్సరీకానికి అక్క లేదు. మీరు లక్ష్మి నోరు తెరవాలి అంటున్నారు కదా, తెరిస్తే ఇదీ జరిగేది. సినిమాలో కూడా పిట్ట ముట్టదు, రాసి పెట్టుకోండి.

కాజీపేట_జంక్షన్

అన్నా, కొంచెం నీళ్లు తాగు.

రెండో_ఆట (హన్మకొండ)

నేనైతే సంతకం పెట్టాను. చదవకుండా పెట్టాను. అమ్మ వంటింట్లోంచి చూస్తోంది, వదిన చాయ్ తెచ్చింది, ఊరికే ఫార్మాలిటీ అన్నారు. నోటీసు పంపలేదు, కోర్టుకు పోలేదు, మీరు మెచ్చుకునే లక్ష్మిలాగే ఉన్నాను. మరి ఆ తర్వాత ఒడిబియ్యానికి ఎందుకు పిలవలేదు? ఫోన్ చేస్తే అన్న ఎందుకు ఎత్తడు? అడగని మనిషి కోసం అన్న ఏడుస్తాడు అన్నారు కదా. మా అన్న కూడా బలగం చూసి ఏడ్చాడట, వాళ్ల పిల్లవాడే చెప్పాడు. ఆ రోజు కూడా ఫోన్ చేయలేదు. ఆ సినిమాలో అతను తన కోసమే ఏడ్చుకున్నాడు. పాపం నాన్న, పాపం నేను, పాపం మన ఇల్లు. అందులో నేను ఎక్కడా లేను.

ఎనుమాముల_గేట్

అక్కా, ఇది సినిమా తప్పు కాదు కదా.

రెండో_ఆట (హన్మకొండ)

సినిమా తప్పు అనలేదు. అన్నలకు ఏడవడానికి మంచి చోటు ఇచ్చింది అంటున్నా. ఏడ్చి తేలిక పడి లేచి వస్తారు, చేయాల్సిన పని అలాగే ఉంటుంది.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

మీ అన్న సంగతి నాకు తెలియదు, నన్ను మీ అన్నతో కలపకండి. ఒక్కటి చెప్పండి. మా అక్క ఇంటికి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, తమ్ముడూ నాకు ఇంత కావాలి అని ఉంటే నేను కాదనేవాణ్నా? ఇచ్చేవాణ్ని. పండుగ పూట పసుపు కుంకుమ కింద పదిమంది ముందు ఇచ్చేవాణ్ని. ఆమె కోర్టులో తీసుకుంది. ఇచ్చిన పేరు నాకు లేదు, పోయిన భూమి మాత్రం పోయింది.

నల్లకోటు (వరంగల్)

ఆమెది ఆమె తీసుకుంటే మీది పోయింది అంటున్నారు.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

లాయర్లకు అలాగే కనిపిస్తుంది. మందులు కొన్నప్పుడు, ఆసుపత్రిలో రాత్రిళ్లు కూర్చున్నప్పుడు వాటాలు వేశారా ఎవరైనా? నాన్న పోయాక మాత్రం సమానం.

రెండో_ఆట (హన్మకొండ)

ఆ ఖర్చు లెక్క రాసి అక్క ముందు పెట్టండి, ఆమె కట్టాల్సింది కడుతుంది. నేనైనా కట్టేదాన్ని. మాకు ఎవరూ లెక్క చూపించరు, నేరుగా కాగితం చూపిస్తారు. మీ చేత్తో ఇస్తే మేం దణ్ణం పెట్టి తీసుకోవాలి. మా చేత్తో తీసుకుంటే పుట్టిల్లు మూసేస్తారు. మీకూ నాకూ తేడా నల్లి బొక్క దగ్గర లేదు, ఇక్కడుంది. నారాయణ మర్యాద కోసం ఇరవై ఏళ్లు అలిగితే న్యాయం, ఆయన స్థానంలో మీరున్నా లేచేవాళ్లు అని మొదటి పోస్ట్‌లోనే రాశారు. మీ అక్క లేస్తే మాత్రం తప్పు.

బొగ్గుబావి (భూపాలపల్లి)

ఈ మాటకు జవాబు చెప్పన్నా, మేమూ వింటాం. మా ఇంట్లో కూడా సంతకం పని పెండింగ్‌లో ఉంది.

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

నారాయణ అత్తింటి మీద కేసు వేయలేదు. అలగడం వేరు, కేసు వేరు. అలిగినవాళ్లను బతిమాలి తెచ్చుకోవచ్చు. కేసు వేసినవాళ్లను ఏమని పిలవాలి? పేరు పక్కన ప్రతివాది అని రాసి పంపింది నన్ను.

ఎనుమాముల_గేట్

కేసు ఇంకా నడుస్తోందా?

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

అయిపోయింది. రాజీ చేసుకున్నాం. భూమి పంచాం. మాటలు లేవు.

కాజీపేట_జంక్షన్

ఎవరైనా ఒక్కసారి మొగిలయ్య గారి గురించి రాయండి. దుగ్గొండి మనిషి, 2024 డిసెంబర్‌లో పోయారు. ఆ పాట లేకపోతే చివర్లో అందరూ అలా ఏడ్చేవాళ్లా? మీరంతా లక్ష్మి అంటారు, నారాయణ అంటారు, నాకు ఆ ఇద్దరే గుర్తుంటారు.

రెండో_ఆట (హన్మకొండ)

నిజమే, వాళ్ల గురించి వేరే పోస్ట్ రాస్తాను. పాడింది మొగుడూ పెళ్లామూ కలిసి, అది గమనించారా? ఆ సీన్‌లో ఆడమనిషి గొంతు గట్టిగా వినిపించేది కొమురమ్మదే. మానేరు గారూ, మీ అక్క ఊరు ఎంత దూరమో నేను అడగను. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆమె అడిగి ఉంటే ఎంత ఇచ్చేవాళ్లు? సగమా?

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

సగం ఎందుకు ఇస్తాను? ఐదు గుంటలు ఇచ్చేవాణ్ని, సంతోషంగా.

నల్లకోటు (వరంగల్)

కోర్టులో ఎంత వచ్చింది?

మానేరు_ఒడ్డు (సిరిసిల్ల)

అది ఇక్కడ అవసరం లేదు. బలగంలో లక్ష్మి వాటా అడగలేదు, ఆ మాట మీద నేను ఉన్నా.