పల్లెటూరి జీపీ సర్జరీ పేషెంట్ గ్రూపులో చేరమంటున్నారు. చేరొచ్చా? చేరితే ఏం చేయాలి?

ప్రశ్న (ఇంగ్లండ్, లింకన్‌షైర్ నుంచి)

అందరికీ నమస్కారం. మేం బోస్టన్‌కి అవతల, క్యాబేజీ పొలాల మధ్య ఉన్న చిన్న పల్లెలో ఉంటున్నాం. మావారు నర్సు. నేను ఇద్దరు పిల్లలతో ఇంటి దగ్గరే ఉంటాను. మా జీపీ సర్జరీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు క్లినిక్ వాళ్లు "పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూపులో కొత్త సభ్యులు కావాలి" అని మెసేజ్ పెట్టారు. సర్జరీ ఎలా నడుస్తోందో పేషెంట్లు కూర్చుని అభిప్రాయాలు చెప్పే గ్రూపట. ఫారం తెరిచి చూశాను గానీ పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇది పేరుకు పెట్టిన కమిటీనా, నిజంగా ఏమైనా మారుతుందా? మనం ఏదైనా లోపం ఎత్తి చూపితే, రేపు పిల్లలకి జ్వరమొచ్చి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో మొహం మాడ్చుకుంటారేమో? ఇక్కడివాళ్ల యాస నాకు సగమే అర్థమవుతుంది, మీటింగ్‌లో నోరు తెరవలేకపోతే ఎలా? ఇంకోటి, ఆ మధ్య పెద్దవాడికి చెవి నొప్పి వస్తే అపాయింట్‌మెంట్ దొరక్క చాలా అవస్థ పడ్డాం. అది అక్కడ అడగొచ్చా?

తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు (ష్రాప్‌షైర్ నుంచి)

చెల్లీ, తప్పకుండా చేరు. మా పల్లె సర్జరీ గ్రూపులో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు నీ చివరి ప్రశ్న. కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. మీ అబ్బాయి చెవి నొప్పి సంగతి గ్రూపులో ఎత్తకు. మన సొంత ఫిర్యాదుకి దారి వేరే ఉంది. ప్రాక్టీస్ మేనేజర్‌కి గానీ, మీ ప్రాంతపు ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకి (ఆ ప్రాంతంలో ప్రభుత్వ వైద్య సేవలు చూసే సంస్థ) గానీ రాయాలి. అక్కడ తేలకపోతే, ఇలాంటి ఫిర్యాదులు స్వతంత్రంగా విచారించే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అదే విషయాన్ని "పొద్దున ఎనిమిదింటికి పిల్లల్ని బడికి తయారు చేసే తల్లులు అదే టైమ్‌కి ఫోన్ పట్టుకుని క్యూలో ఉండలేరు, ఏం చేద్దాం?" అని అడిగావనుకో, అప్పుడది నీ ఒక్కదాని గోడు కాదు, ఊళ్లో తల్లులందరిదీ. దాన్ని ఎవరూ పక్కన పెట్టలేరు. పైగా 2025 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి జీపీ సర్జరీ, అత్యవసరం కాని విషయాలకి ఉదయం 8 నుంచి సాయంత్రం 6:30 దాకా ఆన్‌లైన్ రిక్వెస్టులు తీసుకోవాలని ప్రభుత్వ వైద్య సేవతో వాళ్లకున్న కాంట్రాక్టులోనే పెట్టారు. మీ దగ్గర ఆ లింక్ మధ్యాహ్నానికే మూసేస్తుంటే, నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇక పేరుకు కమిటీనా అన్నావు. ఈ గ్రూపులు 1972లో మొదలయ్యాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో బెరిన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో పీటర్ ప్రిచర్డ్ అనే డాక్టరు పెట్టింది తొలి గ్రూపుల్లో ఒకటి. అప్పట్లో అది డాక్టరు ఇష్టం. 2015 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి సర్జరీకీ గ్రూపు ఉండి తీరాలి. ఉండి తీరాలి అన్నంత మాత్రాన అన్నీ పనిచేస్తాయని కాదు. ఏడాదికోసారి కూర్చుని టీ తాగి లేచిపోయేవీ ఉన్నాయి. మీది ఎలాంటిదో తెలుసుకోవాలంటే పాత మీటింగుల మినిట్స్ (ఏం మాట్లాడుకున్నారో రాసిన కాగితాలు) అడిగి చదువు. ప్రతి అంశం పక్కన ఈ పని ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అని రాసి ఉంటే అది బతికున్న గ్రూపు. "చర్చించడమైనది" అని మాత్రమే ఉంటే, ఆ రెండు ముక్కలు రాయించడమే నీ మొదటి పని అనుకో.

ఏం మారుతుందో మా ఊరి సంగతే చెప్తాను. మేనేజర్ అనుమతితో మా గ్రూపు వాళ్లం వంతులవారీగా వెయిటింగ్ రూమ్‌లో ఊరికే కూర్చుని చూశాం. ఎవరినీ రోగమేమిటని అడగలేదు. కుర్చీలన్నీ తక్కువ ఎత్తువి, చేతులు లేనివి. మోకాళ్లు అరిగిన ఒక పెద్దాయన, తన పేరు తెర మీద పడగానే కిటికీ గట్టు పట్టుకుని లేవబోయాడు. ఆయన నిలబడేలోపు పేరు పోయి ఇంకొకరి పేరు వచ్చింది. తన వంతు దాటిపోయిందనుకుని మళ్లీ కూర్చున్నాడు. లోపల డాక్టరేమో పేషెంట్ రాలేదనుకుంటోంది. రోజూ అదే గదిలోంచి నడిచే సిబ్బంది ఎవరికీ అది కంటపడలేదు, ఎందుకంటే వాళ్లు ఆ కుర్చీల్లో ఎప్పుడూ కూర్చోరు. చేతులున్న ఎత్తు కుర్చీలు కొన్ని డాక్టర్ల గదుల వైపు వేయించాం. తెర మీద పేరు ఎక్కువసేపు ఉండేలా సెట్టింగ్ మార్పించాం. అది మార్చడానికి పైసా ఖర్చు కాలేదు.

బస్సు సంగతి ఇంకా పెద్దది. మా వైపు పొద్దున మొదటి బస్సు సర్జరీ దగ్గరికి వచ్చేసరికే తొమ్మిది దాటుతుంది. రక్తపరీక్షలేమో ఎనిమిదిన్నరకి. కారు లేని ముసలివాళ్లు పక్కింటివాళ్లని బతిమాలుకోవడమో, పరీక్ష మానేయడమో. మానేస్తే కంప్యూటర్‌లో "రాలేదు" అని పడుతుంది, అంతే. మేం బస్సు టైమ్ టేబుల్ ప్రింట్ తీసి అపాయింట్‌మెంట్ల పట్టీ పక్కన పెట్టి చూపించాం. ఇప్పుడు రిసెప్షన్‌లో "బస్సులో వస్తారా?" అని అడిగి, వచ్చేవాళ్లకి పది తర్వాతి టైమ్ ఇస్తున్నారు. పల్లెటూళ్లో ఇలాంటివి పేషెంట్లు చెప్తే తప్ప తెలియవు. డాక్టర్లు, సిబ్బంది చాలామంది వేరే ఊళ్ల నుంచి కార్లలో వచ్చేవాళ్లే.

మీ దగ్గర మందులు సర్జరీలోనే ఇస్తారా? ఊళ్లో మెడికల్ షాపు లేక, 1.6 కిలోమీటర్లకి మించి దూరం పోవాల్సిన పల్లెవాళ్లకి ఆ వెసులుబాటు ఉంటుంది. ఉంటే ఆ కిటికీ దగ్గర కాసేపు నిలబడి విను. మా దగ్గర ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నారో వెనకున్నవాళ్లందరికీ వినపడేది. నేల మీద గీత గీసి, దాని వెనక ఆగండి అని బోర్డు పెట్టించాం. మాటలు వెనక్కి వినపడకుండా ఒక రేడియో కూడా పెట్టారు.

రిసెప్షన్ వాళ్లు మొహం మాడ్చుకుంటారన్న భయం అక్కర్లేదు. సర్జరీలో అందరికంటే ఎక్కువ తిట్లు తినేది వాళ్లే. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఆ పొడుగాటి రికార్డింగ్ విని విసిగిపోయి, ఎత్తగానే వాళ్ల మీద అరుస్తారు. మేం ఆ రికార్డింగ్‌ని సగానికి కుదించమన్నప్పుడు అందరికంటే సంతోషించింది రిసెప్షన్ వాళ్లే. ఇంకో మాట, గ్రూపు సభ్యులకి ఎవరి మెడికల్ రికార్డులూ చూపించరు. నీ రోగాలు వాళ్లకీ తెలియవు, వాళ్లవి నీకూ తెలియవు.

యాస గురించి గ్రూపు చైర్‌కి (మీటింగ్ నడిపేవాళ్లకి) ముందే చెప్పు. కాగితాలు ముందుగా పంపమను. ఇది నాకు నచ్చే విషయం: అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి" అని అడిగే మనిషి ఒకరు గదిలో ఉంటే, అందరూ నిదానంగా మాట్లాడతారు. చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు కూడా నీకు థాంక్స్ చెప్తారు.

జవాబు (నార్ఫక్ నుంచి, జీపీ)

అక్కగారు చెప్పినవాటికి డాక్టర్ల వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను. నేను గుంటూరులో చదువుకుని వచ్చి ఇక్కడ పల్లె ప్రాక్టీసులో పనిచేస్తున్నాను.

మా గ్రూపులో దాదాపు అందరూ రిటైరైనవాళ్లు. చాలా మంచివాళ్లు, ఓపిగ్గా పనిచేస్తారు. ఫ్లూ టీకాల శనివారం వచ్చి క్యూలు చూసుకుంటారు, పెద్దవాళ్ల ఫోన్లలో ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్ పెట్టి రిపీట్ మందులు ఎలా అడగాలో నేర్పిస్తారు. కానీ పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే పోలండ్, లిథువేనియా వాళ్లు, కేర్ హోముల్లో నైట్ షిఫ్టులు చేసే మన మలయాళీలు, తెలుగువాళ్లు ఒక్కరూ ఉండరు. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, మంచి వైద్యం అవసరం ఎక్కువున్న చోటే అది తక్కువగా దొరుకుతుందని. ఆయన పనిచేసింది వేల్స్‌లోని ఒక బొగ్గుగని పల్లెలో. పేషెంట్ గ్రూపులకీ ఆ మాట వర్తిస్తుంది. ఇబ్బంది ఎక్కువ ఉన్నవాళ్ల గొంతే అక్కడ తక్కువ వినపడుతుంది. మీరు చేరితే మీ సర్జరీకి ఉపకారం చేసినట్టే, మొహమాటపడకండి.

ఒక ఉదాహరణ. ఇంగ్లిష్ రానివాళ్లకి దుబాసీని సర్జరీయే ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగుకి కూడా ఫోన్ ద్వారా దొరుకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. ఈ సంగతి తెలియక చాలామంది బడికెళ్లే పిల్లలని వెంట తెచ్చుకుని, తల్లి నెలసరి ఇబ్బందులు ఆ పిల్లల చేత చెప్పిస్తుంటారు. నా గదిలో అలా జరిగినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మీ వెయిటింగ్ రూమ్‌లో దీని గురించి నోటీసు ఉందో లేదో చూడండి. ఉన్నా అది ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే ఎవరికి ఉపయోగం?

ఇంకొకటి, కేర్ క్వాలిటీ కమిషన్ (సర్జరీలు, ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు పేషెంట్ గ్రూపుతో కూడా మాట్లాడుతుంటారు. కాబట్టి గ్రూపు మాటని మేనేజర్లు తేలిగ్గా తీసుకోరు. అలాగని దాన్ని బెదిరింపుగా వాడొద్దు. మాకు డాక్టర్లు చాలక, గదులు చాలక ఆగిపోయే పనులు ఉన్నాయి, వాటిని గ్రూపు తీర్చలేదు. "ఇంకో డాక్టరుని పెట్టండి" అంటే నేను తలవంచుకోవడం తప్ప ఏం చెప్పలేను. "డయాబెటిస్ చెకప్‌లో కాళ్ల పరీక్ష, రక్తపరీక్ష ఒకే రోజు పెట్టండి, రెండుసార్లు రాలేకపోతున్నాం" అంటే ఆ వారమే ఏదో ఒకటి చేయగలను.

మరొకరు (కోనసీమ నుంచి)

ఇది చదువుతుంటే మా పీహెచ్‌సీ గుర్తొస్తోంది. మాకూ ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అని ఉంది. అందులో ఎక్కువగా నాయకులు, అధికారులే. మామూలు పేషెంట్లు ఇలా వెళ్లి కూర్చోవచ్చా?

జవాబు (ష్రాప్‌షైర్ నుంచి)

తమ్ముడూ, పద్ధతి వేరు. మీ కమిటీ చేతిలో కొంత నిధి ఉంటుంది, మా గ్రూపుకి రూపాయి ఉండదు. కానీ వెయిటింగ్‌లో కూర్చుని చూసే పనికి ఎవరి పదవీ అక్కర్లేదు. బీపీ, షుగర్ మాత్రలకి వచ్చేవాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారు, ఆడవాళ్ల టాయిలెట్‌కి గొళ్లెం ఉందా, తాగే నీళ్లు ఎక్కడ, చివరి బస్సు ఎన్నింటికి? నలుగురు కలిసి ఒక కాగితం మీద రాసి మెడికల్ ఆఫీసర్‌గారికి ఇవ్వండి. కమిటీలో ఉన్న సర్పంచ్‌కి ఒక కాపీ ఇవ్వండి. ఆశా కార్యకర్తని ముందే కలుపుకోండి, ఊళ్లో ఎవరు ఎందుకు ఆసుపత్రికి రావడం లేదో ఆమెకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అక్కా, డాక్టర్‌గారూ, చాలా థాంక్స్. ధైర్యం వచ్చింది, ఫారం పంపేశాను. వెంటనే జవాబు కూడా వచ్చింది. కానీ మీటింగ్ బుధవారం మధ్యాహ్నం రెండున్నరకట. మూడుంబావుకి నేను బడి గేటు దగ్గర ఉండాలి. మొదటిసారే రాలేనంటే బాగుంటుందా?

జవాబు (నార్ఫక్ నుంచి, జీపీ)

చెప్పండి, తప్పకుండా చెప్పండి. ఆ టైమ్‌కి పెడితే చిన్నపిల్లల తల్లులు ఎవరూ రాలేరని చైర్‌కి రాయండి. మీ గ్రూపులో తల్లులు ఎందుకు లేరో వాళ్లకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు. సాయంత్రం గానీ, వీడియోలో గానీ పెట్టమనండి. ఈసారికి కుదరకపోతే ఈమెయిల్ సభ్యురాలిగా చేర్చుకోమనండి. చాలా గ్రూపుల్లో అది మామూలే.

జవాబు (ష్రాప్‌షైర్ నుంచి)

అవును చెల్లీ. వెళ్లినా వెళ్లకపోయినా, నువ్వు చెప్పాలనుకున్నది ఒక్కటే అంశంగా రెండు మూడు వాక్యాల్లో రాసి, వారం ముందే ఎజెండాలో పెట్టమని పంపు. చివర్లో "ఇతర అంశాలు" అని వచ్చేదాకా ఆగితే, అప్పటికి అందరూ కోట్లు తొడుక్కుంటుంటారు. మీ లింకన్‌షైర్‌లో కాల్‌కనెక్ట్ అని ముందే బుక్ చేసుకునే బస్సు ఉంది కదా, దాని నంబరు మీ సర్జరీ గోడ మీద ఉందేమో కూడా ఈసారి వెళ్లినప్పుడు చూడు.