స్టీరింగ్ బరువుగా ఉంటే ‘ఫీల్’ ఉన్నట్టేనా? (అరకు ఘాట్‌కి ఎం340ఐ? సీ43? పాత 325ఐ?)

మధురవాడ_మలుపు:
స్పోర్ట్స్ సెడాన్ కొందామనుకుంటున్నా. బీఎండబ్ల్యూ ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ సీ43 రెండూ నడిపి చూశాను. షోరూం వాళ్లు బీచ్‌రోడ్డు మీద ఋషికొండ దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చారు. ఆ రోడ్డు మీద ఆటో కూడా బాగానే పోతుంది. నేను నెలకు రెండుసార్లు అరకు వెళ్తాను. ఘాట్‌లో స్టీరింగ్ చేతికి ఏం చెబుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. ధర, మైలేజీ గొడవ వద్దు.

సిరిపురం_సిక్స్:
ఇందులో అడగడానికి ఏముందండీ? ఎం340ఐ. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, 100 అందుకోవడానికి 4.4 సెకన్లు. రెండేళ్లుగా నా దగ్గరుంది. స్పోర్ట్ మోడ్‌లో పెట్టారంటే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బొడ్డవర దాటి కొండెక్కడం మొదలుపెట్టాక మీకే తెలుస్తుంది.

గాజువాక_గేరు:
బిగుసుకోవడం వేరు, చెప్పడం వేరు సార్. ఇప్పటి కార్లలో స్టీరింగ్ తిప్పడానికి కరెంటు మోటారు సాయం చేస్తుంది, స్పోర్ట్ మోడ్‌లో ఆ సాయం తగ్గుతుంది, అంతే. చేతికి బరువు పెరుగుతుంది, కబురు పెరగదు. తలుపు బరువుగా ఉన్నంత మాత్రాన అవతల ఎవరున్నారో తెలుస్తుందా?

తైడా దాటాక ఒక ఎడమ మలుపు ఉంది. వానాకాలంలో కొండ మీంచి నీళ్లు కారి రోడ్డు మీద పల్చగా ఎర్రమట్టి పేరుకుంటుంది. పాత బీఎండబ్ల్యూ 325ఐలో (ఈ90 తరం) మోటారు కాదు, ఆయిల్ ఒత్తిడితో సాయం చేసే ఆయిల్ స్టీరింగ్ కదా, ముందు టైరు ఆ మట్టి ఎక్కీఎక్కగానే చేతిలో స్టీరింగ్ తేలికయ్యేది. బండి జారకముందే కాలు ఎత్తేసేవాణ్ణి. అదే మలుపులో ఎం340ఐ కూడా తిప్పాను. తడబడలేదు, నాలుగు చక్రాల డ్రైవ్ కాబట్టి లాక్కుపోయింది. కానీ మట్టి ఉందని నాకు చెప్పలేదు. కంటికి కనబడింది కాబట్టి తెలిసింది.

సిరిపురం_సిక్స్:
అంటే కారు చక్కగా పోయిందని మీరే ఒప్పుకుంటున్నారు. మరి ఈ ఏడుపు దేనికి? పోర్షే 911 కూడా 2011లో ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి మారింది. వాళ్లకి తెలియదు, మీకు తెలుసా?

పెదవాల్తేరు_పాతబండి:
ఆయిల్ స్టీరింగ్ గొప్పదే, కాదనను. పదేళ్లు నడిపాను. సముద్రానికి దగ్గర ఇల్లు, ఉప్పుగాలికి పైపులు తుప్పు పట్టాయి. ఒక మెకానిక్ మూడుసార్లు డబ్బు తీసుకున్నాడు, పార్కింగ్‌లో మరక మాత్రం పోలేదు. ఆ ఫీలంతా నేల మీదే ఉంది, కావలిస్తే వచ్చి చూడండి.

ఎంవీపీ_బెంజ్:
సీ43ని ఎవరూ పట్టించుకోరేం? వెనక చక్రాలు కూడా 2.5 డిగ్రీల దాకా తిరుగుతాయి. 100 లోపు వేగంలో ముందు వాటికి ఎదురు దిక్కుకి. హెయిర్‌పిన్‌లో కారు పొట్టిదైపోయినట్టుంటుంది.

గాజువాక_గేరు:
నిజమే సార్. ఇరుకు మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు దానికి మించింది లేదు. అలవాటయ్యేదాకా మాత్రం ప్రతి మలుపులోనూ స్టీరింగ్ ఎక్కువ తిప్పేసి మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాను.

911 సంగతి: మారడానికి కారణం ఫీల్ కాదు. ఆయిల్ పంపుని ఇంజను బెల్టు ఎప్పుడూ తిప్పుతూనే ఉండాలి, పెట్రోలు తింటుంది. మోటారైతే స్టీరింగ్ తిప్పినప్పుడే కరెంటు తీసుకుంటుంది. దానంతటదే పార్కింగ్ చేసుకోవాలన్నా, గీత దాటకుండా కాచుకోవాలన్నా మోటారు కావాలి. లాభాలున్నాయి, కాదనడం లేదు. రోడ్డు మీది సన్నటి వణుకు ఆ మోటారు దగ్గరే చాలావరకు ఆగిపోతుంది, నా బాధంతా అదే.

భీమిలి_బండి:
ఇంట్లో పెద్దవాళ్లుంటే బీఎండబ్ల్యూలోనే పొడుగు 3 సిరీస్ తీసుకోండి, మామూలు దానికంటే చక్రాల మధ్య దూరం 110 మి.మీ. ఎక్కువ. కాళ్లు చాపుకోవచ్చు.

గాజువాక_గేరు:
అదీ నిజమే. మన ఊళ్లో ఇలాంటి కార్లు కొన్నవాళ్లు చాలామంది కూర్చునేది వెనకే.

సిరిపురం_సిక్స్:
అదిగో, ఇప్పుడు బయటపడింది కడుపుమంట. ఇందాకట్నుంచి చూస్తున్నా, 325ఐ నడిపాను, ఎం340ఐ నడిపాను, సీ43 నడిపాను. ఇన్ని కార్లు మీకెక్కడివండీ? ఇంటి ముందు నిలబెట్టి ఒక ఫోటో పెట్టండి, చూసి తరిస్తాం.

గాజువాక_గేరు:
ఒక్కటీ నాది కాదు సార్. నేను డ్రైవర్ని. పదిహేడేళ్లుగా ఇదే పని.

సిరిపురం_సిక్స్:
అలా చెప్పు మరి. ఓనరు వెనకుంటే నువ్వు తైడా మలుపులో ఏం పరీక్షలు చేస్తావు? మెల్లగా పొమ్మంటే పోవడమే నీ పని. సొంత డబ్బు పోసి కొన్నవాడికి తెలుస్తుంది ఏది ఏమిటో.

గాజువాక_గేరు:
పైకి వెళ్లి ఒకసారి చదువుకోండి సార్. డ్రైవర్నని చెప్పేదాకా ‘మీరు’. చెప్పిన మరుక్షణం ‘నువ్వు’. మలుపు అదే, మట్టి అదే, నేను రాసిన మాటలూ అవే.

డబ్బు మీది, ఒప్పుకుంటాను. వెనక ఓనరు గారి అమ్మగారు కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంటే, అది తొణక్కుండా అనంతగిరి ఎక్కించాలి. దానికి ముందు టైరు ఏం చేస్తోందో చేతికి తెలియాలి. మీకు ఫీల్ ఆదివారం సరదా. నాకు సోమవారం ఉద్యోగం.

సిరిపురం_సిక్స్:
తమ్ముడి లాంటివాడివని చనువుగా అన్నాను, దానికింత రాద్ధాంతమా.

భీమిలి_బండి:
ఏటి గురూ, ఆ చనువు సరిగ్గా అప్పుడే పుట్టిందేటి?

ఎంవీపీ_బెంజ్:
చనువు కూడా స్పోర్ట్ మోడ్ లాంటిదే, బటన్ నొక్కితే వస్తుంది.

సిరిపురం_సిక్స్:
సరే, నోరు జారాను. అసలు విషయం చెబుతా. పోయిన నెల మా డ్రైవరు కూడా ఇదే మాటన్నాడు, ముందువైపు తేలుతున్నట్టుంది సార్ అని. నీకేం తెలుసని కసిరాను. ఇక్కడికొస్తే మళ్లీ అదే వినబడింది.

గాజువాక_గేరు:
తేలుతోందన్నాడా? అది ఎలక్ట్రిక్ గొడవ కాకపోవచ్చు. టైర్లలో గాలి చూశారా?

సిరిపురం_సిక్స్:
ఇప్పుడే కిందికెళ్లి చూసొచ్చాను. ముందు రెండింట్లోనూ 41. డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నదానికంటే 8 ఎక్కువ. బంకులో కుర్రాడు నాలుగింటికీ ఒకే లెక్కన కొట్టేసినట్టున్నాడు.

గాజువాక_గేరు:
ఇప్పుడు తీయకండి, తిరిగొచ్చిన బండి వేడి మీద ఉంటుంది. తెల్లారి టైరు చల్లబడ్డాక చూసి దింపండి. ఆ తేలడం తగ్గొచ్చు. అయినా 325ఐ అవదు సార్, ముందే చెబుతున్నా.

సిరిపురం_సిక్స్:
అవనక్కర్లేదు. ఆదివారం పొద్దున ఆరింటికి తైడా వస్తారా? ఆ ఎడమ మలుపు మీరే తిప్పి చూపిద్దురుగాని.

గాజువాక_గేరు:
ఆదివారం డ్యూటీ ఉంది సార్. మా ఓనరు గారి అత్తగారిని సింహాచలం తీసుకెళ్లాలి. కంఫర్ట్ మోడ్‌లో.