పవర్ రేంజర్స్ (2017): సూట్లు రావడానికి గంటన్నర పట్టడం తప్పా, ఒప్పా?

పాతజెటిక్స్
నిన్న మా మేనల్లుడితో కలిసి 2017 నాటి పవర్ రేంజర్స్ సినిమా మళ్లీ చూశాను. వాడికి తొమ్మిదేళ్లు. ఆ సినిమాకి అన్యాయం జరిగిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఏంజెల్ గ్రోవ్ అనే చేపల రేవు ఊళ్లో ఐదుగురు టీనేజర్లకి (జేసన్, కింబర్లీ, బిల్లీ, జాక్, ట్రీనీ) గనిలో రంగు నాణేలు దొరుకుతాయి. ఒంట్లోకి బలం వస్తుంది. భూమిలో పూడిపోయిన అంతరిక్ష ఓడలో పాతకాలపు రేంజర్ జోర్డాన్, రోబో ఆల్ఫా 5 వాళ్లకి విలన్ రీటా గురించి చెబుతారు. కానీ వాళ్లని రేంజర్లుగా మార్చే రంగుల కవచాలు, అదే సూట్లు, మాత్రం రావు. ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకోనంతవరకు రావు. రెండు గంటల నాలుగు నిమిషాల సినిమాలో ఐదుగురికీ సూట్లు వచ్చేసరికి దాదాపు గంటన్నర అవుతుంది. అందరూ తిట్టింది దీన్నే. నాకు నచ్చింది కూడా ఇదే. జాక్ రేకుల బండిలాంటి ఇంట్లో జబ్బుపడిన అమ్మని చూసుకుంటూ, ఆమె పోతే తను ఒంటరినని భయపడుతుంటాడు. ట్రీనీ మత్తుమందులు వాడుతోందేమోనన్న అనుమానంతో వాళ్లమ్మ మూత్ర పరీక్షకి కప్పు ఇచ్చి నింపమంటుంది. వీళ్లెవరో తెలియకుండా సూట్ వేసేస్తే లోపల ఎవరున్నా ఒకటే కదా.

పది కోట్ల డాలర్ల పైన పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 14 కోట్లు దాటి వచ్చింది. థియేటర్ల వాటా పోతే అది నష్టమే. ఆరు సినిమాల ప్లాన్ ఒక్కదానితో ఆగిపోయింది.

తునివాసి
తమ్ముడూ, నువ్వు ఇంట్లో సోఫా మీద చూశావు. నేను 2017లో మా అబ్బాయికి టికెట్ కొని హాలుకి తీసుకెళ్లాను. వాడికప్పుడు ఆరేళ్లు. పొద్దున్నుంచీ ఎర్ర టీషర్టు వేసుకుని కూర్చున్నాడు. సినిమా మొదలయ్యీ కాగానే ఎద్దుకి పాలు పితికానని ఒకడు చెప్పే జోకు. హాల్లో పెద్దవాళ్లు నవ్వారు. "నాన్నా, ఎందుకు నవ్వుతున్నారు?" అని మావాడు గట్టిగా అడిగాడు. ఏం చెప్పమంటావు?

ఆ తర్వాత "రేంజర్స్ ఎప్పుడొస్తారు" అని నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి అడగలేదు, నిద్రపోయాడు. సూట్లు వచ్చాక లేపాను. కళ్లు నులుముకుని కాసేపు చూసి మళ్లీ నా భుజం మీద వాలిపోయాడు. పోస్టర్ మీద ఐదుగురూ సూట్లలోనే ఉన్నారు. ఆ పోస్టర్ చూపించి పిల్లవాడి చేత టికెట్ కొనిపించి గంటన్నర కూర్చోబెట్టడం మోసం. నేను ఇంకో మాట వాడను.

సాయంత్రం_ఆట
తుని అన్న చెప్పింది కరెక్ట్.

రామప్ప_కాలనీ
చిన్న సవరణ. గంటన్నర దాకా ఎవరికీ సూట్ రాదన్నట్టు మాట్లాడుతున్నారు. సినిమా మధ్యలో జేసన్, జాక్ కొట్టుకుంటుంటే విడదీయబోయిన బిల్లీకి ఒక్కసారిగా సూట్ వచ్చేస్తుంది. మొదట మార్ఫ్ అయ్యింది, అంటే సూట్‌లోకి మారింది, బిల్లీయే. ఆ సీన్ మీద మిగతా కథంతా నిలబడి ఉంది. తన కోసం కాకుండా పక్కవాళ్ల కోసం ముందుకి దూకినప్పుడు వచ్చింది.

తునివాసి
కొన్ని క్షణాలు. వచ్చింది, పోయింది. దాన్ని సూట్ అనరు.

పాతజెటిక్స్
అన్నా, అది రావడమే కదా ముఖ్యం? ఎంతసేపు ఉందని కాదు.

తునివాసి
ఆరేళ్ల పిల్లవాడికి ఎంతసేపు అన్నదే ముఖ్యం. ఆ సూట్‌తో బిల్లీ ఒక్కడినైనా కొట్టాడా? లేదు. ఫైట్ లేని మార్ఫ్ లెక్కలోకి రాదు.

రామప్ప_కాలనీ
లెక్కలోకి వస్తుంది. సినిమాలో ఉన్నదాన్ని లేదంటే ఎలా?

అసలు టీవీలో అంత తొందరగా మార్ఫ్ ఎందుకయ్యేవారో కూడా చెప్పాలి. 1992లో జపాన్‌లో జ్యూరేంజర్ అనే సిరీస్ వచ్చింది. హయీమ్ సబాన్ కంపెనీ అందులోని సూట్ ఫైట్లు, రోబో ఫైట్లు తీసుకుని, ముఖాలు కనిపించే సీన్లు మాత్రం అమెరికా నటులతో కొత్తగా తీసింది. 1993 ఆగస్టు 28న మొదలైన పవర్ రేంజర్స్ టీవీ సిరీస్ అలా తయారైందే. గులాబీ రేంజర్ సూట్‌కి స్కర్ట్ ఉండి, అమెరికా సిరీస్‌లో అమ్మాయే అయిన పసుపు రేంజర్‌కి ఎందుకు ఉండదు? జపాన్‌లో ఆ పసుపు రేంజర్ మగవాడు కాబట్టి. హెల్మెట్ పెట్టాక లోపల జపాన్ మనిషా, అమెరికా మనిషా అన్నది తెలియదు. చేతిలో ఉన్న ఫుటేజీ సూట్లదే కాబట్టి ప్రతి ఎపిసోడ్‌లో మార్ఫ్ తప్పనిసరి. అది కథ కోసం పెట్టిన నియమం కాదు, ఖర్చు తగ్గించుకునే పద్ధతి. సినిమాకి ఆ ఇబ్బంది లేదు.

మన తెలుగు డబ్బింగ్ అంత బాగా అతకడానికి కూడా హెల్మెట్లే కారణమని నా నమ్మకం. పెదాలు కనిపించవు కదా, ఏ భాష పెట్టినా సరిపోతుంది. టూన్ డిస్నీ ఛానెల్‌లో జెటిక్స్ అనే కార్యక్రమాల టైమ్‌లో పవర్ రేంజర్స్ ఎస్.పి.డి. సిరీస్ చూసినవాళ్లకి తెలుస్తుంది.

బంటి_కెఎన్ఆర్
డాగీ క్రూగర్!! నీలం కుక్క తల కమాండర్. ఆయన కత్తి తీస్తే మా వీధిలో విజిల్స్.

తునివాసి
ఖర్చు కోసం మొదలైందో, దేనికోసం మొదలైందో, పిల్లలకి నచ్చింది అదే. 1995లో తీసిన మొదటి సినిమా చూడండి. కోటిన్నర డాలర్లతో తీశారు, ఆరున్నర కోట్లు దాటి వచ్చింది. ఊదా రంగు ముఖం ఐవన్ ఊజ్ విలన్. దాంట్లో ఎవరి ఇంటి గొడవలూ లేవు. ఆకాశంలోంచి దూకుతారు, కొడతారు. మావాడు ఇంట్లో దాన్ని నిద్రపోకుండా చూశాడు.

గులాబీరంగు
ఇక్కడ అందరూ మగపిల్లల గురించే మాట్లాడుతున్నారు. నేను కింబర్లీ గురించి అడుగుతాను. తన స్నేహితురాలు అమాండా నమ్మి పంపిన ఫోటోని కింబర్లీ ఒక అబ్బాయికి పంపిస్తుంది. అది స్కూలంతా తిరుగుతుంది. మనసు విప్పి చెప్పుకోవడం అని పాతజెటిక్స్ గారు అంటున్నది దీన్నే కదా.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ ఫోటో ఇలాగే తిరిగింది. ఆ అమ్మాయి సెమిస్టర్ మధ్యలో ఊరెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. పంపినవాళ్లు పరీక్షలు రాసి పాసయ్యారు. సినిమాలో కూడా పంపిన అమ్మాయికే సూట్ వచ్చింది. ఇది మీలో ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదా?

పాతజెటిక్స్
తుని అన్నా, 1995 సినిమాలో కథ టీవీ సిరీస్‌తోనే కలవదు. సినిమాలో వాళ్లకి నింజా శక్తులు ఒకలా వస్తే, మూడో సీజన్‌లో ఇంకోలా వచ్చాయి. రెండూ చూసినవాళ్లకి ఏది నిజమో తెలియదు. 2017 సినిమా కనీసం ఒక్క కథనైనా మొదటి నుంచి నిజాయితీగా చెప్పింది. దాని మీద పగబట్టినట్టు మాట్లాడుతున్నారు. మీ అబ్బాయి నిద్రపోయాడు కాబట్టి సినిమా చెత్త అంటున్నారు. మా మేనల్లుడు చివరిదాకా కూర్చున్నాడు. మధ్యలో ఎందుకు మార్ఫ్ అవలేదో వాడే నాకు చెప్పాడు. కూర్చోవడం, వినడం ఇంట్లో నేర్పాలి. దానికి సినిమా ఏం చేస్తుంది?

సాయంత్రం_ఆట
అది అనకుండా ఉండాల్సింది బ్రో.

తునివాసి
ఇప్పటిదాకా తమ్ముడూ అన్నాను. ఇక మీరు అనే అంటాను. ఆరేళ్లవాడు రాత్రి పదిన్నరకి నిద్రపోతే అది నా పెంపకం తప్పా? మీరు పెంచుతున్నది మేనల్లుడిని. సాయంత్రం వాళ్లమ్మకి అప్పజెప్పి వెళ్లిపోతారు.

చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. చెప్పే పని లేదనుకున్నాను, కానీ చెబుతాను. 2006లో మా నాన్న చీటీపాటలో మునిగిపోయాడు. సాయంత్రమైతే అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడి అరిచేవాళ్లు. నాకు ఇరవై ఒకటి, మా తమ్ముడికి ఎనిమిది. వాళ్లు రాగానే నేను తమ్ముణ్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి టీవీ పెట్టి సౌండ్ పెంచేవాణ్ని. రేంజర్స్ వచ్చేది. వాడు మంచమెక్కి తన్నేవాడు, నేను రాక్షసుణ్ని, పడిపోయేవాణ్ని. ఆ అరగంటలో మా ఇల్లు, మా నాన్న, గుమ్మంలో మనుషులు, ఏదీ ఉండేది కాదు. ఎపిసోడ్ అయ్యేసరికి రాక్షసుడు చచ్చేవాడు, రోజూ. మీకది జపాన్ ఫుటేజీ. మాకు అదొక్కటే చోటు.

మా అబ్బాయికి నేను చూపించాలనుకున్నది అది. హాల్లో కూర్చుంటే తెర మీద జబ్బుపడిన తల్లి, కూతుర్ని అనుమానించే తల్లి, ఎక్కడికి వెళ్తున్నాడో కనిపెట్టడానికి పోలీసులు కాలికి పట్టీ వేసిన కొడుకు. అవన్నీ లోకంలో ఉన్నాయని నాకు తెలుసు. దీంట్లోకి కూడా అవి ఎందుకు రావాలి?

పాతజెటిక్స్
పెంపకం మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి.

కానీ మీకు చోటు దొరికింది. నాకు దొరకలేదు, అందుకే ఇంత వాదిస్తున్నాను. నాకు నత్తి. ఇప్పుడు తగ్గింది, ఖమ్మంలో స్కూల్లో ఉన్నప్పుడు బాగా ఉండేది. మధ్యాహ్నం అన్నం బెల్ కొట్టగానే గ్రౌండ్‌లో రేంజర్స్ ఆట. రేంజర్ అవ్వాలంటే రంగు పేరు గట్టిగా అరిచి చెయ్యి తిప్పాలి. నేను అరిచేలోపు పక్కవాడు ఆ రంగు తీసేసుకునేవాడు. రెండేళ్లు నేను దెబ్బలు తినే రాక్షసుణ్నే. మీ మంచం మీద మీరు ఇష్టపడి పడిపోయారు. నేను కాదు.

టీవీలో వాళ్లు ఐదుగురూ నవ్వుతూ, ఆరోగ్యంగా, ఎక్కడా తడబడకుండా ఉండేవారు. నాకు బాగా నచ్చేవారు, కానీ వాళ్లు నాలాంటివాళ్లని ఎప్పుడూ అనిపించలేదు. 2017లో బిల్లీ వచ్చి, తనకి ఆటిజం ఉందని, జోకులు అర్థం కావని జేసన్‌తో మామూలుగా చెబుతాడు. ముందు సూట్ వచ్చింది వాడికే. నేను హాల్లో ఒక్కణ్నే కూర్చుని ఏడ్చాను. అందుకే బిల్లీది లెక్కలోకి రాదంటే ఊరుకోలేకపోయాను.

మామిడిపిందె
మొదటిసారి రాస్తున్నాను. నత్తి, ఆటిజం ఒకటి కావు, కలపకండి. మా పాపకి ఆటిజం. బిల్లీ అంటే ప్రాణం. బట్టలు వరుసగా పెట్టుకోవడం, పెన్సిళ్లు రంగుల ప్రకారం సర్దుకోవడం చూసి "నాలాగే" అంది. కానీ ఆ ఐదుగురిలో రీటా చంపింది ఎవర్ని? బిల్లీనే. తర్వాత బతికిస్తారు, నాకు తెలుసు. పాప మాత్రం అక్కడే ఆగిపోయింది. "బిల్లీ మంచివాడు కదా, ఎందుకు చంపారు" అని వారం రోజులు అదే ప్రశ్న. మిగతా నలుగురూ ఒక్కటవ్వడానికి మా పాపలాంటి పిల్లవాడే చావాలా? నటుడు ఆర్‌జే సైలర్ చాలా బాగా చేశాడు, అతని మీద నాకు కోపం లేదు. రాసినవాళ్ల మీద ఉంది.

రామప్ప_కాలనీ
ఇలా ఆలోచించలేదండీ. చంపకపోతే చివరి మార్ఫ్ వచ్చేది కాదని నేను కథ వైపు నుంచే చూశాను.

తునివాసి
నత్తి సంగతి తెలియదు తమ్ముడూ. నీకు రంగు ఇవ్వని ఆ పిల్లల మీద నాకిప్పుడే కోపం వస్తోంది.

అయినా నా మాట మారదు. నిన్ను ఆడనివ్వకపోవడం తప్పు, దాన్ని సరిచేయాల్సింది. అంతేగానీ ఆటలో రాక్షసుడు చచ్చే భాగాన్ని గంటన్నర వెనక్కి నెట్టడం దానికి మందు కాదు. బిల్లీని పెట్టండి, ఆటిజం పెట్టండి. పావుగంటకి సూట్ వేయండి. బిల్లీ సూట్‌లో ఉండి కొడుతుంటే నీలాంటి పిల్లవాడు ఇంకా ఎక్కువ గర్వపడేవాడు కదా?

పాతజెటిక్స్
పావుగంటకి వేస్తే వాడు బిల్లీ అని ఎవరికి గుర్తుంటుంది అన్నా? నీలం రేంజర్ అని మాత్రమే గుర్తుంటుంది. దీని దగ్గర మనం కలవం.

గులాబీరంగు
నా ప్రశ్నకి ఇప్పటికీ జవాబు రాలేదు.

బంటి_కెఎన్ఆర్
1995 సినిమా ఎక్కడైనా దొరుకుతుందా? మా చెల్లి కొడుక్కి చూపించాలి.

పాతజెటిక్స్
గులాబీరంగు గారూ, ఆ సీన్ ఇప్పుడే మళ్లీ పెట్టి చూశాను. కింబర్లీ ఆ ఫోటోని చూపించి బాధపడేది జేసన్ దగ్గర. నువ్వు అంత చెడ్డదానివి కాదన్నట్టు ఓదార్చేది కూడా అతనే. అమాండా ఆ గదిలో లేదు. ఇన్నిసార్లు చూసినా నేను అది గమనించలేదు.

గులాబీరంగు
మా రూమ్మేట్ కూడా ఆ గదిలో లేదు.